వెనక సీటు లేని కారు

పద్దెనిమిదో వారం

ఎక్కడ ఆగామో ఒకసారి చెప్పుకుందాం. కొత్తపేట పక్కన కొబ్బరి తోటలూ, కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువులూ ఉన్న భీమరాజు కొత్త కారు కొనాలనుకున్నాడు. అమలాపురంలో పెద్ద పెద్ద కార్లు అమ్మే యామిని రెండు బళ్ళు తెచ్చి ఆయన వాకిట్లో నిలబెట్టింది. ఒకటి తెల్లది, పడవంత పొడుగుది, వెనక సీట్లో కాళ్ళు బార్లా చాపుకుని పడుకోవచ్చు. రెండోది నీలం కూపే, రెండే తలుపులు, రెండే సీట్లు. ఆదివారం పొద్దున్న కోనసీమ కార్ల సంఘం వాళ్ళంతా వచ్చి ఏది కొనాలో తేల్చబోతుంటే, ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో కార్ల గురించి నోరెత్తని ఆయన భార్య సత్యనారాయణమ్మ కాఫీల పళ్ళెం అరుగు మీద పెట్టి, “ఏది కొనాలో నేను చెప్తాను. రెండూ ఎక్కి చూసేక చెప్తాను” అనేసింది.

ఆ మాటకి వెంటనే ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో ముందు భీమరాజు మొహం చూసి తేల్చుకోవాలి కదా! ఆయన మొహంలో ఏమీ తెలియలేదు. మీసం కొస దువ్వుకుని, “సరే, ఎక్కనివ్వండి. ఎక్కేది ఆవిడే కదా” అన్నాడు.

“అదేనండి నేను చెప్పేది!” అని అందుకున్నాడు సంఘం ప్రెసిడెంటు రాజేంద్రప్రసాద్. ఆయనకి రైసు మిల్లుంది, గొంతు కూడా మిల్లు నడుస్తుండగా మాట్లాడి మాట్లాడి అలవాటైన గొంతు. “ఎక్కేది పిన్నిగారు. ఆవిడకి నడుం నొప్పి. కారంటే ఏంటండి? చేతిలో కాఫీ గ్లాసు తొణక్కూడదు. పెద్ద బండిలో కూర్చుంటే ఇంట్లో కూర్చున్నట్టుండాలి.”

“ఇంట్లో కూర్చున్నట్టుండాలంటే ఇంట్లోనే కూర్చోవచ్చు కదండి” అన్నాడు నాగసతీష్. అమలాపురంలో నగల కొట్టు వాళ్ళబ్బాయి. కూపే అన్న మాట వింటే వాడికి అన్నం కూడా గుర్తుండదు. “కారన్నాక పరిగెత్తాలండి. మలుపు తిరిగితే ఒళ్ళు ఝల్లుమనాలండి.”

“ఎక్కడ పరిగెత్తిస్తావురా? గేదెకీ గేదెకీ మధ్యనా?” అన్నాడు ప్రసాద్.

అరుగు మీద అందరూ గొల్లుమన్నారు. నాగసతీష్ కూడా నవ్వేశాడు. ఆ తర్వాత పది నిమిషాలు మాట్లాడినవాళ్ళంతా సత్యనారాయణమ్మ నడుం గురించే మాట్లాడారు. కూపేలోకి వంగి దిగితే ఆ నడుం ఏమవుతుందో ఒకాయన చెప్పాడు. గతుకుల్లో ఏమవుతుందో ఇంకొకాయన చెప్పాడు. నడుం యజమానురాలిని మాత్రం ఎవరూ అడగలేదు.

“నా నడుం తరఫున ఇంతమంది ప్లీడర్లున్నారని నాకు తెలీదండి” అని, ఆవిడ చెప్పులు వేసుకుంది.

సత్యనారాయణమ్మకి కార్ల గురించి తెలిసినంత ఆ అరుగు మీద సగం మందికి తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ పట్టుకుని పడుకుంటే సీరియళ్ళు చూస్తోందనుకునేవారు ఇంట్లో. ఆవిడ చూసేది కార్ల వీడియోలు. ఏ బండి ఇంజను ఎన్ని గుర్రాలదో, ఏది మలుపులో తూలుతుందో ఆవిడకి నోటికొచ్చు. అంతకుముందు నేర్చుకున్నదంతా వెనక సీట్లో నేర్చుకున్నదే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు వాళ్ళింట్లో అంబాసిడర్‌కి పరదాలుండేవి. బయట ఏమీ కనిపించేది కాదు కాబట్టి చప్పుడే వినేది. వినీ వినీ, గేరు ఎప్పుడు మార్చాలో, ఏ చక్రం బేరింగు పోబోతోందో ఆయనకన్నా ముందు ఆవిడకే తెలిసిపోయేది.

పరదాలు పోయాయి. బళ్ళు మారాయి. ఆవిడ సీటు మారలేదు. ముందు సీట్లో మొదట మామగారు కూర్చునేవారు. ఆయన పోయాక ఊరి పెద్దలు, పంతులుగారు, ఇంజనీరుగారు, ఎవరు బండెక్కితే వాళ్ళు. ఆవిడ వెనక, ఒళ్ళో పూతరేకుల డబ్బాతో. ఒకసారైతే ఎవరో ఆఫీసరు గారికి పంపే పనసకాయ వెనక దొర్లిపోతుందని దాన్ని తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టారు. పనసకాయకి దొరికిన మర్యాద తనకి దొరకలేదని ఆవిడ ఆ రోజు నవ్వుకుంది. నవ్వు వెనక ఏడుపు కూడా ఉంది, అబద్ధం ఎందుకు.

ఇప్పుడు ఆవిడకి కావలసింది వేగం కాదు, ఝల్లుమనడం అంతకన్నా కాదు. ఆయన పక్క సీటు కావాలి. వెనక సీటే లేని బండి కొంటే ఆ సీటులోంచి తనని ఎవరూ లేపలేరు. లెక్క అంత సులువు. వచ్చేటప్పుడే ఆవిడ మనసులో కూపే కొనేసింది.

ముందు భీమరాజు తెల్ల కారు తీశాడు. రాజేంద్రప్రసాద్ అలవాటుగా వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు. సత్యనారాయణమ్మా యామినీ వెనక కూర్చున్నారు. నిజం చెప్పాలంటే బండి బ్రహ్మాండంగా ఉంది. సీటులో ఏవో బుడిపెలు లేచి నడుం మర్దనా చేశాయి. తలుపు వేస్తే బయట లోకం ఉందో లేదో తెలియలేదు. కొత్తపేట సెంటరు దాకా వెళ్ళి వచ్చారు. దారంతా రాజేంద్రప్రసాద్ మిల్లు సంగతులు చెబుతూనే ఉన్నాడు. ఆవిడకి భీమరాజు మెడ వెనక భాగం కనిపించింది. ఆ మెడ మీద జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ చూస్తోంది.

దిగాక, “ఎలా ఉందండి పిన్నిగారూ?” అని అడిగాడు ప్రసాద్.

“చాలా బాగుందండి. నిద్రొచ్చింది” అంది.

తర్వాత కూపే. దీనికి ఎవరూ పోటీ రాలేదు, రావడానికి చోటు లేదు కాబట్టి. యామిని తలుపు తీసి పట్టుకుని, “ముందు కూర్చోండమ్మగారూ, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పండి” అంది. సత్యనారాయణమ్మ చీర కుచ్చెళ్ళు ఒడిసిపట్టి, ‘అమ్మా’ అని ఒక్క మూలుగు మూలిగి కూర్చుంది. సీటు ఎంత కిందికి ఉందంటే అరుగు మీద వాళ్ళ మొహాలు చూడాలంటే తలెత్తాలి. కూర్చున్నాక మాత్రం ఆ సీటు ఆవిడని గట్టిగా పట్టుకుంది. నడుం కిక్కురుమనలేదు.

“గట్టు వైపు వద్దండి బాబాయిగారూ, బురదగా ఉంది!” అని ప్రసాద్ వెనక నుంచి కేకేశాడు.

భీమరాజు వినలేదు. మెయిన్ రోడ్డు వదిలేసి సరాసరి కాలవ గట్టు ఎక్కించాడు. గట్టు దారి ఒక్క బండికే సరిపోతుంది. ఎడం పక్క కాలవ నిండుగా పారుతోంది, కుడి పక్క కొబ్బరి తోట పల్లంలో ఉంది. మొన్నటి కార్తీకం వానకి గుంటల్లో నీళ్ళింకా ఇంకలేదు.

బండి లోపల ఇద్దరే ఉండటం, మధ్యలో మూడో గొంతు లేకపోవడం ఇద్దరికీ కొత్తే. ఆవిడ ఆయన్ని పక్క నుంచి చూస్తూ కూర్చుంది. చాలా సంతోషంగా ఉంది ఆవిడకి.

“ఏంటలా చూస్తున్నావు?”

“బండి తోలేటప్పుడు మీ పెదాలు కదుల్తాయని నాకిన్నాళ్ళూ తెలీదండి.”

“ఏదో శ్లోకం చదువుకుంటాను.”

“శ్లోకం కాదు. ఇందాక రోడ్డు మీద ఎదురొచ్చిన ఆటోవాణ్ణి తిట్టేరు. నేను చూసేను.”

భీమరాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వులో ఉండగానే ఎడం పక్క కాలవలోంచి బాతుల మంద గట్టెక్కింది. ఆయన కాలు బ్రేకు మీదికి పోలేదు.

“బాతులండీ!”

బండి జర్రున జారి ఆగింది. బాతులు కాసేవాడు కర్ర ఊపుకుంటూ వచ్చి, లోపల ఎవరున్నారో చూసి, తిట్టబోయిన తిట్టు మింగేసి బాతుల్ని అదిలించుకుపోయాడు.

“చూస్తూనే ఉన్నాను. ఎందుకలా అరుస్తావు?” అన్నాడు భీమరాజు.

బాతులు రెండొందలున్నాయి. అరుచుకుంటూ వచ్చాయి. చూస్తూ ఉన్న మనిషి అలా వెళ్ళడు.

ఆర్నెల్లుగా ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. భీమరాజుకి కళ్ళు నెత్తికెక్కాయట. రిటైరైన హెడ్‌మాస్టరు ప్రభాకరరావు వీధిలో దణ్ణం పెడితే తల తిప్పుకుపోయాడట. కొత్తపేటలో ఒక పెళ్ళిలో ఎవరో పక్కన నిలబడి తాంబూలం అందిస్తే పట్టించుకోకుండా దాటిపోయాడట. దణ్ణానికి దణ్ణం పెట్టని మనిషిని కోనసీమలో ఎవరు క్షమిస్తారు? అప్పు ఎగ్గొట్టినా మర్చిపోతారు గానీ ఇది మర్చిపోరు. సత్యనారాయణమ్మ కూడా ఆయన్ని రెండుసార్లు దులిపేసింది. రెండుసార్లూ ఆయన మారు మాట్లాడలేదు. ఇప్పుడు ఆవిడకి అవన్నీ గుర్తొచ్చాయి. మాస్టారు ఏ పక్కన నిలబడ్డారు? తాంబూలం ఏ పక్క నుంచి వచ్చింది?

మరో వంద గజాలు పోనిచ్చి, మామూలు గొంతుతో అంది. “అయ్యో, ప్రభాకరరావు మాస్టారండి! ఆ తాటి చెట్టు కింద నిలబడి దణ్ణం పెట్టేరు. మళ్ళీ పలకలేదేంటండి మీరు?”

“పలికేను కదా. తల ఊపేను. నువ్వు చూళ్ళేదు.”

“ఏ రంగు చొక్కాలో ఉన్నారండి?”

“తెల్లదే. ఆయనెప్పుడూ తెల్లదే కదా వేస్తాడు.”

సత్యనారాయణమ్మ మెల్లగా అంది. “అక్కడెవరూ లేరండి.”

బండి ఆగిపోయింది. ఆయన ఇంజను ఆపలేదు, చేతులు స్టీరింగు మీద నుంచీ తీయలేదు. కాలవ మీద కొంగ ఒకటి ఎగిరి అవతలి గట్టున వాలింది.

“ఎన్నాళ్ళ నుంచండి?”

“వైశాఖంలో తెలిసింది. మేత కొనడానికని కాకినాడ వెళ్ళేను చూడు, ఆ రోజు కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళేను. నీటికాసులన్నాడు, అదే గ్లాకోమా. ఎడం కన్ను ఇంచుమించు పోయిందన్నాడు. కుడి కన్ను చుక్కలు వేసుకుంటే నిలబడుతుందిట.”

“కళ్ళ మంటకని వేసుకుంటున్న చుక్కలు అవేనా?”

“ఊఁ.”

“బండి నడపొద్దన్లేదా డాక్టరు?”

“అన్నాడు.” ఆయన గొంతు తగ్గిపోయింది. “అందుకే కదా ఆ పెద్ద కారు. డ్రైవర్ని పెట్టుకుంటే ఇద్దరం వెనక కూర్చోవచ్చు. నీ నడుం కోసమని చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు.”

సత్యనారాయణమ్మకి ఒళ్ళు మండింది. “అంటే మీ కంటిని నా నడుం వెనక దాస్తున్నారా? ఊళ్ళో మీకు పొగరని చెప్పుకుంటుంటే నేను తల దించుకు తిరుగుతున్నానే!”

“పొగరనుకుంటే అనుకోనీవే. పొగరున్నోడంటే మనిషి ఇంకా గట్టిగా ఉన్నాడని అర్థం. కళ్ళు లేనోడంటే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు.”

ఆవిడకి కోపం దిగిపోయింది. దిగిన చోట దిగులు వచ్చి కూర్చుంది. ఆయన కన్ను గురించి దిగులు ఒకటి, దాని పక్కనే సిగ్గులేకుండా ఇంకొకటి. ముప్ఫై ఎనిమిదేళ్ళకి దొరికిన ముందు సీటు పావుగంటలో పోయింది. ఆయన నడపలేకపోతే కూపే దేనికి? డ్రైవరు ఒకడు, పక్క సీటొకటి, ఇద్దరిలో ఒకరే ఎక్కాలి. మళ్ళీ ఆ తెల్ల కారు, మళ్ళీ వెనక సీటు, ముందు మళ్ళీ ఎవరో ఒక పెద్దమనిషి.

అప్పుడే ఎదురుగా ట్రాక్టరు హారన్ మోగింది. ట్రక్కు నిండా కొబ్బరికాయలు, పైన వల బిగించి ఉంది. నడుపుతున్నవాడు వీరవెంకటరమణ, వాళ్ళ తోటలో కొబ్బరికాయల దింపులకి వచ్చేవాడే. కూపేని చూసి నోరు తెరిచి, లోపల రాజుగారిని చూసి ఇంకా తెరిచాడు.

“మీరాగండి రాజుగారూ, నేనే వెనక్కెళ్తానండి!”

భీమరాజు చెయ్యి బయట పెట్టి వద్దన్నాడు. గట్టు మీద ఒక కట్టుబాటుంది. బరువుతో వచ్చేవాడిదే దారి, ఖాళీగా వచ్చేవాడు వెనక్కి వెళ్ళాలి. మోటారు సైకిలైనా అంతే, కలెక్టరు జీపైనా అంతే. ఒకప్పుడు ఎవరో గొప్పాయన కారు కోసం వెనక్కి నడిపి ధాన్యం ట్రాక్టరు ఒకటి కాలవలో పడితే, పంచాయితీలో కూర్చుని ఆ కట్టుబాటు గట్టిగా పెట్టించింది భీమరాజే. ఇప్పుడు తన కోసం తప్పించుకుంటాడా?

రివర్సు గేరు వేశాడు. తెర మీద వెనక దారి కనిపించాలి గానీ, కెమెరా మీద బురద చిమ్మి అంతా మట్టి రంగే కనిపించింది. గట్టు మీద గడ్డి పొడుగ్గా ఉండటంతో సెన్సరు ఒకటే కీచుకీచుమంటోంది. వెనక్కి నూట యాభై గజాలు వెళ్తే గానీ తోటలోకి దారి లేదు. ఆయన కుడి పక్క అద్దం చూశాడు. ఎడం పక్క అద్దం వైపు తల తిప్పి, మళ్ళీ తిప్పుకున్నాడు. కాలవ ఉన్నది ఆ పక్కే.

“రమణని పిలిచి తియ్యమందామా?” అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమయిందో ఆవిడకి తెలుసు.

“ఎందుకండి? నేనున్నాను కదా.” సత్యనారాయణమ్మ కిటికీ అద్దం దింపి, బెల్టు విప్పి, నడుం సంగతి దేవుడికి వదిలేసి, తల బయట పెట్టింది. “నేను చూస్తాను, మీరు తిప్పండి. పోనివ్వండి... నిటారుగానే... కొంచెం కుడికి కొయ్యండి... చాలు, చాలు. చక్రానికీ అంచుకీ జానెడుందండి. భయం లేదు, పోనివ్వండి.”

ఆయన అద్దాలు చూడటం మానేశాడు. ఆవిడ గొంతే విన్నాడు. కుడికి అంటే కుడికి, ఆగమంటే ఆగాడు. ఒక చోట మట్టి పెళ్ళ విరిగి కాలవలో బుడుంగుమంది. “ఆగండి... ఇప్పుడు మెల్లగా... ఆఁ” అంది. గొంతులో వణుకు లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు వెనక కూర్చున్న మనిషికి వెనక దారి ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా? తోట దారి దగ్గరికి వచ్చి బండి పక్కకి తీసేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. ఆవిడ జుట్టు ముడి ఊడిపోయింది.

ట్రాక్టరు దాటుతుంటే, “ఎడం పక్క రమణ దణ్ణం పెడుతున్నాడండి” అంది.

భీమరాజు మొత్తం మనిషి అటు తిరిగి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. రమణ కంగారుపడి స్టీరింగు వదిలేయబోయాడు.

బండి తిప్పుకున్నాక ఆవిడ చెప్పింది. “ఇల్లు చేరేదాకానే. మెల్లగా పోనివ్వండి, నేను చెప్తుంటాను. అక్కడితో ఆఖరు.”

“అందరికీ చెప్పేస్తావా?”

“నేను చెప్పను. కన్ను మీది, చెప్పుకునేదీ మీరే. కానీ మళ్ళీ స్టీరింగు ముట్టుకున్నారంటే ఊరంతా దండోరా వేయిస్తాను. ఎడం పక్క నడిచేది బడికెళ్ళే పిల్లలండి. ఈ రోజంటే బాతులు.”

ఆయన తల ఊపాడు. మిగిలిన దారంతా ఆవిడ చెబుతూనే ఉంది, సైకిలనీ, గేదె అనీ, కల్లు కుండల మోపెడ్ అనీ. ఆయన ఒక్కోదానికీ ‘ఊఁ’ అన్నాడు.

వాకిట్లోకి రాగానే జనం చుట్టూ మూగారు. రాజేంద్రప్రసాద్ ఎడం తలుపు తీసి పట్టుకున్నాడు. “దిగండి పిన్నిగారూ. బాబాయిగారూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క రౌండు కొట్టండి. దీంట్లో లోపాలన్నీ చూపిస్తాను.”

సత్యనారాయణమ్మ దిగలేదు. ఆయన వైపు చూసింది. భీమరాజు చెయ్యి స్టార్టు బటను దగ్గరే ఉంది. ఒక్క రౌండు. వీధి చివరి దాకా వెళ్ళి రావచ్చు. కాదంటే ఎందుకని అడుగుతారు. ఆవిడ కాదనలేదు, ఔననలేదు, చూపు మాత్రం తిప్పలేదు.

ఆయన ఇంజను ఆపేశాడు. దిగి, కారు టాపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“నేను నడపనయ్యా ప్రసాదూ. నాకు ఎడం కన్ను కనపడదు. ఆర్నెల్లయింది.”

నాగసతీష్ మొహం వెలవెలబోయింది. “అంటే... కొత్తపేట పెళ్ళిలో తాంబూలం ఇచ్చింది నేనేనండి...”

“నా ఎడం పక్క నిలబడ్డావేమో నాయనా. నువ్వే కాదు, మాస్టారూ అంతే, ఇంకా ఎంతమందో. అందరికీ కలిపి ఇప్పుడు పెడుతున్నాను.” భీమరాజు చేతులు జోడించాడు. అక్కడున్నవాళ్ళందరి చేతులూ వాటంతట అవే లేచాయి. సత్యనారాయణమ్మకి కళ్ళు నిండిపోయాయి. సీట్లో కిందికి కూర్చుని ఉంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

అందరికన్నా ముందు తేరుకుంది రాజేంద్రప్రసాదే. “అయ్యో, ఎంత పనైందండీ! అయితే ఇంక ఆలోచించేదేముంది? తెల్ల కారే. మంచి డ్రైవర్ని నేను చూసి పెడతాను. మీరిద్దరూ వెనకాల రాజాలాగా కూర్చోండి.”

“ఆయ్, అదే మంచిదండి” అన్నారు అరుగు మీద వాళ్ళు. నాగసతీష్ కూడా తల ఊపాడు.

సత్యనారాయణమ్మ కాళ్ళు బయటికి తిప్పి, తలుపు పట్టుకుని లేచింది. ఎవరి చెయ్యీ అందుకోలేదు.

“రెండూ ఎక్కేనండి. ఇప్పుడు చెప్తాను. తెల్లది మంచి బండి. ఇంజను మెత్తగా ఉంది, బరువు తెలీదు, మర్దనా కూడా చేస్తుంది. నీలంది ముక్కు పొడుగు, గతుకు తెలుస్తుంది, గట్టు మీద గడ్డిని చూసి ఏడుస్తుంది. సుఖం కావాలంటే తెల్లదే కొనాలి. కానీ వెనక సీటు సంగతి మీకెవరికీ తెలీదు. నాకు తెలుసు. అందులో కూర్చోబెడితే ఈయన మొదటి ఏడాది డ్రైవరుకి దారి చెప్తారు. రెండో ఏడాది నిద్రపోతారు. మూడో ఏడాది, ‘నేనెందుకే, నువ్వెళ్ళిరా’ అంటారు. నా మొగుణ్ణి నేను వెనక కూర్చోబెట్టను. కూపేనే కొంటున్నాం.”

“మరి నడిపేదెవరండి?” అంది యామిని.

“నేను.”

“మీకు డ్రైవింగ్ వచ్చాండి?” అన్నాడు నాగసతీష్ ఆత్రంగా.

“రాదు” అంది సత్యనారాయణమ్మ, వచ్చన్నంత ధీమాగా. “రేపు లైసెన్సుకి పెట్టుకుంటాను. వచ్చేదాకా బండి షెడ్డులో ఉంటుంది. బండి ఎలా పోవాలో నాకు చెవులకి తెలుసు. ఇప్పుడు కాళ్ళూ చేతులూ నేర్చుకోవాలి, అంతే కదా!”

అందరూ మళ్ళీ భీమరాజు మొహం చూశారు. ఆయన కారు చుట్టూ తిరిగి వచ్చి, ఎడం తలుపు తీసి, వంగి, మూలిగి, ఇంతసేపూ ఆవిడ కూర్చున్న సీట్లో కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత సొంత కారులో ఆయన ఆ పక్క కూర్చోవడం అదే మొదలు. కుడి పక్క ఖాళీ సీటు మీద చేత్తో తట్టాడు.

“రా, కూర్చుని చూపించు. ఇటు కుడి పక్కనుంటే నాకు నువ్వు బాగా కనిపిస్తావు.”

సత్యనారాయణమ్మకి సిగ్గేసింది. పాతికమంది ముందు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, మొహం అంతా ఎర్రగా చేసుకుని యామిని వైపు చెయ్యి చాపింది. “కాగితాలు తీసుకురామ్మా. ఈ నీలం బండి మాదే.”

యామిని కాగితాలు తీయలేదు. ఫైలు గుండెలకి హత్తుకుని అక్కడే నిలబడిపోయింది.

“అమ్మగారూ, క్షమించండి. వచ్చినప్పట్నుంచీ అందరూ మీ నడుం నొప్పి గురించే చెప్తుంటే మీరు తెల్లదే తీసుకుంటారనుకున్నానండి. పొద్దున్నే మీ కాఫీలు రాకముందే ఈ కూపే ఇంకొకరికి ఇస్తానని మాటిచ్చేశానండి.”

“ఎవరికమ్మా?”

యామిని ఆ పేరు చెప్పలేదు. ఆమె చూపు వెళ్ళిన వైపే ఒక్కొక్కరి తలా తిరిగింది. రాజేంద్రప్రసాద్ తెల్ల కారు బానెట్టు మీద లేని దుమ్ముని జేబురుమాలుతో శ్రద్ధగా తుడుస్తున్నాడు.